పడుకుంటే పెరిగే నడుము నొప్పి: ఎక్కడ వెతకాలి, ఏం చేయాలి

అలిపిరి మెట్లెక్కి వచ్చాక పట్టేసిన నడుము నాలుగు రోజులు ఒళ్లు వాలిస్తే సర్దుకుంటుంది. కండరం నొప్పి, డిస్క్ నొప్పి చాలావరకు వంగితే పెరుగుతాయి, పడుకుంటే తగ్గుతాయి. ఇది తలకిందులైతే, అంటే అర్ధరాత్రి నొప్పికి మెలకువ వచ్చి, కూర్చునే నిద్రపోవాల్సి వస్తే, వెన్నులో గడ్డ ఉందేమో చూడాలి. అరుదే, కానీ ఆలస్యమైతే కాళ్లు పడిపోవచ్చు.

సమస్య: ఎక్స్‌రే బాగుంది, నొప్పి మాత్రం తగ్గడం లేదు.
కారణం: గడ్డ వెన్నుపూసను 30 నుంచి 50 శాతం తినేస్తే గానీ ఎక్స్‌రేలో తెలియదు. నరం పొర మీద పెరిగే ష్వానోమా, వెన్నుపాము చివర వచ్చే ఎపెండిమోమా లాంటి గడ్డలు చాలావరకు కనబడవు.
పరిష్కారం: ఎమ్మారై. డీ11 (ఛాతీ వెనక పదకొండో పూస) నుంచి త్రికాస్థి (నడుము కింద, తోక ఎముకకు పైనుండే ఎముక) చివరిదాకా తీయమని అడగండి. వెన్నుపాము ఎల్1, ఎల్2 (నడుములో మొదటి, రెండో పూసలు) దగ్గర ముగుస్తుంది. కింది డిస్కులు మాత్రమే చూస్తే పైనున్న గడ్డ తప్పిపోతుంది. త్రికాస్థిలో పెరిగే కార్డోమా అనే క్యాన్సర్ గడ్డ కూడా ఇలాగే దాక్కుంటుంది. కూర్చుంటే నొప్పి, మలబద్ధకం దాని గుర్తులు. అనుమానముంటే గడ్డ స్పష్టంగా కనబడేందుకు గాడోలినియం కాంట్రాస్ట్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. పేస్‌మేకర్ ఉంటే తప్పక చెప్పండి.

సమస్య: కుర్రవాళ్లకు రాత్రి నొప్పి, నొప్పి మాత్ర వేస్తే చప్పున తగ్గిపోతుంది, వెన్ను ఒక పక్కకు వంగింది.
కారణం: ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న ఎముక గడ్డ కావచ్చు. క్యాన్సర్ కాదు.
పరిష్కారం: దీనికి ఎమ్మారై కంటే సన్నని ముక్కల సీటీ స్పష్టం. చాలామందికి సూదితో వేడి పంపి గడ్డను మాడ్చేస్తే సరిపోతుంది.

సమస్య: యాభై దాటాక కొత్త నొప్పి, బరువు తగ్గడం, లేదా ముందెప్పుడో రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్.
కారణం: వెన్నుకు పాకిన క్యాన్సర్ కావచ్చు, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) కావచ్చు. మన దగ్గర టీబీ కూడా ఇలాగే వస్తుంది.
పరిష్కారం: ఈఎస్ఆర్, కాల్షియం, ప్రొటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ (మైలోమాను పట్టేది) అనే రక్తపరీక్షలు, ఎమ్మారై. ఊహతో టీబీ మందులు మొదలుపెట్టకుండా బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించాలి. కార్డోమా అనుమానముంటే సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేసే సర్జనే నిర్ణయించాలి, ఎందుకంటే సూది దారిలో కణాలు పాకుతాయి.

ఈ గుర్తులున్నప్పుడు పుత్తూరు కట్టుకో, మర్దనకో వెళ్లకండి. బలహీనపడిన పూస నొక్కుడికి విరగొచ్చు.

మూత్రం ఆగిపోవడం, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే 108కి ఫోన్ చేసి న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. తిరుపతి వారికి స్విమ్స్, చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ వారి రాణిపేట క్యాంపస్ (న్యూరోసర్జరీ ఇప్పుడు అక్కడే ఉంది). తీసిన స్కాన్‌లుంటే రిపోర్ట్ కాగితంతో సరిపెట్టక ఫిల్ములు, సీడీ వెంట తీసుకెళ్లండి.