క్రిస్మస్, ఈస్టర్ అన్యుల పండుగలు అని ఫార్వర్డ్ వస్తే ఎట్ల చెక్ చేసుకోవాలె

డిసెంబర్ వచ్చిందంటే మా హన్మకొండల క్రిస్టియన్ల ఇండ్ల మీద స్టార్లు ఎక్కుతయి, సెమీ క్రిస్మస్‌లు షురూ అయితయి, వాటెంబడే వాట్సాప్‌ల ఆ మెసేజ్ కూడా దిగుతది. డిసెంబర్ 25 సూర్యుని పండుగ, క్రిస్మస్ చెట్టు అన్యులది, అంటే వేరే దేవుళ్లని మొక్కేటోళ్లది, ఈస్టర్ అంటే పాతకాలం బబులోను దేశపు దేవత ఇష్తార్, ఇవి చేసేటోళ్లు విగ్రహారాధన చేస్తున్నట్టే అని. మూడేండ్ల కింద మా అన్న ఆ మెసేజ్ చదివి ఇంటి మీది స్టార్ దింపేసిండు, పండుగ నాడు అమ్మ వండిన బగారన్నం కూడా ముట్టలే, అమ్మ వంటింట్ల కూసొని ఏడ్చింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి దొరికింది దొరికినట్టు చదువుకుంట వచ్చిన. ఇప్పుడు మా సంఘంల యూత్ పిల్లలు అడిగితే నేను చెప్పే పద్ధతి ఇది, మీ ఇంట్ల కూడా పనికొస్తదని రాస్తున్న.

ముందు మెసేజ్‌ని ముక్కలు చెయ్యండి. అందుల మూడు రకాల మాటలు కలిసి ఉంటయి: తేదీ గురించి ఒకటి, పేరు గురించి ఒకటి, ఆచారం గురించి ఒకటి. ఒకటి నిజమైనంత మాత్రాన మిగతావి నిజం కావు, ఒకటి తప్పయినంత మాత్రాన అన్నీ తప్పు కావు. ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోండి, నేనైతే ఇప్పటికీ నోట్‌బుక్‌లనే రాస్తున్న, ఫోన్‌ల చదివితే అంతా ఒకటే లెక్క కనిపిస్తది.

తర్వాత ఒక్కొక్క మాట దగ్గర ఆగి అడగాల్సింది ఒకటే, ఇది మొట్టమొదట ఏ సంవత్సరంల రాసిపెట్టిన్రు అని. దగ్గరి ఉదాహరణ చెప్త, మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25 నాడు ప్రతిష్ఠ అయింది. రేపు ఎవరన్న వచ్చి అది మూడు వందల ఏండ్ల చర్చి అంటే మనం ఊకుంటమా, ఆధారం చూపియ్యమంటం గదా. రోమ్ గురించి చెప్పినా, బబులోను గురించి చెప్పినా అదే అడగాలె. మెసేజ్‌ల "పూర్వకాలంల" అని ఉండి సంవత్సరం లేకుంటే ఆ మాటని పక్కకు పెట్టండి, అబద్ధం అని కొట్టెయ్యొద్దు, ఆధారం దొరికేదాక పక్కకు మాత్రం పెట్టండి.

ఇప్పుడు డిసెంబర్ 25 సంగతి చూద్దాం, గొడవంతా దీని మీదనే. బైబిల్‌ల యేసు పుట్టిన తేదీ లేదు, ఇది మనమే ముందు ఒప్పుకోవాలె. క్రీ.శ. సుమారు 200ల ఈజిప్టు అలెగ్జాండ్రియాల క్లెమెంట్ అనే క్రైస్తవ పండితుడు జనం చెప్పుకునే తేదీలు కొన్ని రాసిండు, మన క్యాలెండర్‌ల చూస్తే అవి ఏప్రిల్ 20 దగ్గర, మే 20 దగ్గర పడతయి, డిసెంబర్ ఊసే లేదు. డిసెంబర్ 25 అని స్పష్టంగ కనిపించేది రోమ్‌ల 354ల తయారైన ఒక క్యాలెండర్ పుస్తకంల, అందులున్న ఆ లిస్టు 336 నాటిదని పండితులు లెక్కగట్టిన్రు. అసలు చూడాల్సింది ఇక్కడ ఉంది. అదే పుస్తకంల ఇంకో పేజీల అదే తేదీ దగ్గర "ఓటమి లేనివాని" పుట్టినరోజు, 30 రథ పందేలు అని ఉంది, అది సూర్యదేవుని గురించే అంటరు. అంటే సూర్యుని పండుగకైనా, క్రీస్తు పండుగకైనా ఆ తేదీని స్పష్టంగ చూపించే పాత కాగితం మన చేతిల అదే. రోమ్ చక్రవర్తి అరేలియన్ 274ల సూర్యునికి పెద్ద గుడి కట్టించింది నిజమే, కానీ ఆ కాలంల రాసిన దాంట్ల పండుగ డిసెంబర్ 25 అని ఎక్కడా లేదు. ఇగ సాటర్నేలియా అని రోమన్ల ఇంకో పండుగ పేరు తెస్తరు, అది డిసెంబర్ 17న మొదలై 23కల్లా అయిపోయేది, 25దాక పోదు. రోమన్లు మొక్కిన మిత్ర అనే దేవుడు కూడా డిసెంబర్ 25నే పుట్టిండు అని రాస్తరు, దానికి పాతకాలం ఆధారం ఒక్కటి కూడా లేదు, రోమన్ల చెక్కుడు బొమ్మలల్ల మిత్ర రాతిల నుంచి పుట్టినట్టు ఉంటది.

మరి 25 ఎక్కడి నుంచి వచ్చింది అంటే ఇంకో లెక్క ఉంది. రోమ్ దిక్కు క్రైస్తవులు యేసును సిలువ వేసింది మార్చి 25న అని నమ్మేటోళ్లు, సుమారు 200ల టెర్టుల్లియన్ అనే క్రైస్తవ రచయిత రాతల ఆ తేదీ ఉంది. మరియమ్మ గర్భం దాల్చింది కూడా అదే తేదీన అని నమ్మకం, 400 దాటినంక అగస్టీన్ అనే బిషప్ ఆ మాటని సూటిగనే రాసిండు. మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్కపెట్టండి, డిసెంబర్ 25 వస్తది. రోమ్‌కు తూర్పు దిక్కు క్రైస్తవులు సిలువ రోజును ఏప్రిల్ 6 అనేటోళ్లు, దానికి తొమ్మిది నెలలు కలిపితే జనవరి 6, ఆర్మేనియా సంఘం ఇప్పటికీ క్రిస్మస్ జనవరి 6నే చేస్తది. రెండు చోట్లా లెక్క కుదురుతుంది కాబట్టి నాకు ఈ వివరణే బలంగ కనిపిస్తది, పండితుల మధ్యన మాత్రం వాదన ఇంకా నడుస్తనే ఉంది. సూర్యుని ప్రభావం అసలే లేదు అని కూడా అనకండి, ఎందుకంటే 400ల తర్వాత రోమ్‌ల బిషప్ లియో తన ప్రసంగంల విశ్వాసుల మీదనే కోపం చేసిండు, సెయింట్ పీటర్ చర్చి మెట్లెక్కి లోపలికి పోయే ముందు వెనకకు తిరిగి సూర్యునికి మొక్కుతున్నరు అని. సూర్యుని పండుగ కోసమే తేదీ మార్చిన్రు అని తెగేసి చెప్పే రాత మాత్రం 1100లల్ల ఒక సిరియా పుస్తకం అంచుల రాసిన నోట్, అది జరిగిన కాలానికి ఏడెనిమిది వందల ఏండ్ల తర్వాతది.

ఇంకో జాగ్రత్త, రెండు ఒకలెక్క ఉంటే ఒకదాని నుంచి ఇంకోటి పుట్టింది అనుకోవద్దు. కరీంనగర్‌ల దీపావళి నాడు కొన్ని దళిత కుటుంబాలు సమాధుల దగ్గరికి పోయి, కడిగి, రంగులేసి, పూలు పెట్టి దీపాలు వెలిగిస్తరు. నవంబర్ 2న క్యాథలిక్‌లు సమాధుల పండుగ చేస్తరు, వాళ్లు కూడా సమాధులు కడిగి పూలు పెట్టి క్యాండిల్స్ వెలిగిస్తరు, తేదీలు కూడా దగ్గర దగ్గర. ఐదు వందల ఏండ్ల తర్వాత ఎవరన్న ఇవి రెండూ చూసి ఒకరు ఇంకొకరిని చూసి కాపీ కొట్టిన్రు అని రాస్తే ఎంత తప్పు? నవంబర్ 2 తేదీ ఫ్రాన్స్‌ల క్లూనీ మఠం పెద్ద ఓడిలో సుమారు వెయ్యేండ్ల కింద పెట్టింది, కరీంనగర్‌కి ఆయనకు సంబంధమే లేదు. తల్లిదండ్రులు చచ్చిపోతే దీపం పెట్టాలె అనిపిస్తది, ఎక్కడి మనిషికైనా.

పేరు గురించి వస్తే భాష చూడండి. ఈస్టర్, ఇష్తార్ సౌండ్ కలుస్తది అంతే, మన కాలుకు ఇంగ్లీష్ కాల్‌కు ఎంత చుట్టరికమో వీటికీ అంతే. ఆ పండుగను లాటిన్‌ల, గ్రీకుల, ఇంకా మస్తు భాషలల్ల పస్కా అనే మాటతోనే పిలుస్తరు, మన తెలుగు బైబిల్‌ల పస్కా కూడా ఆ మాటే, యూదుల పండుగ పేరు. ఈస్టర్ లాంటి పేరు ముఖ్యంగ ఇంగ్లీష్‌ల, జర్మన్‌ల కనిపిస్తది. 725ల బీడ్ అనే ఇంగ్లండ్ సన్యాసి ఈయోస్త్రే అనే దేవత పేరు మీద వచ్చిన నెల పేరే పండుగకు వచ్చింది అని రాసిండు, అది ఒప్పుకోవచ్చు, కానీ ఆ దేవత గురించి ఆయన రాసింది ఆ కాస్తే, కుందేలు లేదు, గుడ్లు లేవు. ఇష్తార్ కథని జనంలకు తెచ్చింది అలెగ్జాండర్ హిస్లాప్ అనే స్కాట్లాండ్ పాస్టర్, 1850లల్ల క్యాథలిక్‌ల మీద రాసిన పుస్తకంల. మీ ఫార్వర్డ్‌ల బబులోను, నిమ్రోదు రాజు, సెమిరామిస్ రాణి పేర్లు కలిపి కనిపిస్తే అది ఆయన కథే అనుకోండి.

గుడ్ల సంగతి సులువు. పాతకాలం యూరప్‌ల లెంట్, అంటే ఈస్టర్ ముందటి ఉపవాసం నలభై రోజులు మాంసంతో పాటు గుడ్లు కూడా తినేటోళ్లు కాదు, కోళ్లేమో పెడుతనే ఉంటయి, ఈస్టర్ నాటికి ఇంట్ల గుడ్లు కుప్ప అయితయి. 1290ల ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి ఖర్చు లెక్కల 450 గుడ్లు కొన్నట్టు ఉంది. కుందేలు జర్మనీ దిక్కు రాతలల్ల 1682ల కనిపిస్తది. మన దగ్గర ఎట్లనో ఈస్టర్ అంటే తెల్లారక ముందే సమాధుల కాడికి పోయి క్యాండిల్స్ పట్టుకొని పాటలు పాడుడే, కుందేలు కోసం మనం కొట్లాడుడు ఎందుకు?

ఆచారాల దగ్గర ఇంకో పని చెయ్యాలె, ఎటు నుంచి ఎటు పోయింది అని చూడాలె. యూల్ అనే ఉత్తర యూరప్ చలికాలం పండుగ నుంచే క్రిస్మస్ వచ్చింది అంటరు కదా, నార్వే రాజుల పాత కథలల్ల హాకోన్ రాజు 900లల్ల యూల్‌నే క్రిస్మస్ తేదీకి మార్చిండు అని ఉంది, అంటే వచ్చింది ఉల్టా దిక్కు నుంచి. చెట్టు విషయంల బైబిల్‌ల యిర్మీయా గ్రంథం 10వ అధ్యాయం చూపిస్తరు, అడవిల చెట్టు నరికి వెండి బంగారాలతోటి అలంకరిస్తరు అని. ఆ అధ్యాయం మొత్తం చదవండి, అది చెక్కతోటి చేసిన విగ్రహం గురించి, మాట్లాడలేదు, మోస్తే తప్ప నడవలేదు అని తర్వాతి వచనంలనే ఉంది. ఇండ్లల్ల చెట్టు పెట్టి అలంకరించుడు జర్మన్లు ఉండే దిక్కు 1500లల్ల, 1600లల్ల కనిపిస్తది, 1605ల స్ట్రాస్‌బర్గ్‌ల కాగితం గులాబీలు, ఆపిల్ పండ్లు కట్టిన చెట్ల గురించి ఒకాయన రాసిపెట్టిండు.

నిజంగ తీసుకున్నవి కూడా ఉన్నయి, వాటిని దాచిపెట్టకండి. 601ల పోప్ గ్రెగరీ ఇంగ్లండ్ పోయే మిషనరీలకు ఉత్తరం రాసిండు, అక్కడి గుళ్లు కూలగొట్టకండి, విగ్రహాలు తీసేసి శుద్ధి చేసి చర్చిలు చెయ్యండి, ఎడ్లు బలిచ్చే జనానికి పరిశుద్ధుల పండుగ నాడు విందు చేసుకోనియ్యండి అని. దాన్ని కాదనలేం. మన సంగతి చూసుకున్నా అంతే, పండుగ నాడు గడపకు మామిడి తోరణం, వాకిట్ల ముగ్గు, చర్చి పెండ్లిల పాస్టర్ ప్రార్థన చేసి ఇచ్చే పుస్తె, ఇవి బైబిల్‌ల ఉన్నయా? మట్టల ఆదివారం యెరూషలేముల ఖర్జూరం మట్టలు పట్టుకున్నరు, మనం ఈత మట్టలు పట్టుకుంటం (ఈత కూడా ఖర్జూరానికి దగ్గరి చుట్టమే). నా మటుకు నాకు అమ్మ చేతి తోరణం ఎవరి దేవుణ్ణీ అవమానించినట్టు అనిపియ్యదు, కానీ ఇది నా మాట, చరిత్ర మాట కాదు, పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండూ కలపను.

పండుగ వద్దు అనేటోళ్లని తెలివి లేనోళ్ల లెక్క చూడొద్దు. అమెరికాల మసాచుసెట్స్‌ల ప్యూరిటన్లు అనే పట్టింపు ఎక్కువున్న క్రైస్తవులు 1659ల క్రిస్మస్ చేస్తే ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టం పెట్టిన్రు, 1681ల తీసేసిన్రు, వాళ్ల చేతిల కూడా బైబిలే ఉండె. రోమా పత్రిక 14వ అధ్యాయంల పౌలు ఒకడు ఒక రోజును ఎక్కువ అనుకుంటడు, ఇంకొకడు అన్ని రోజులూ సమానం అనుకుంటడు, ఎవరి మనసుల వాళ్లు గట్టిగ ఉండాలె అన్నడు. మా అన్నతోటి మాట్లాడుడు నేను అక్కడి నుంచే మొదలుపెట్టిన.

మాట్లాడేటప్పుడు గ్రూప్‌ల జవాబు పెట్టకండి, అందరి ముందట ఎవ్వరూ వెనక్కి తగ్గరు. ఇంటికి పోయి, చాయ్ తాగుకుంట, నీకు ఏది బాధ అనిపిస్తుంది, తేదీనా, చెట్టా, స్టారా అని అడగండి. అన్నకు తేదీ మీద పట్టింపే లేదట, చెట్టే నచ్చలేదట, మేము ఏడాది పాటు తేదీ మీద కొట్లాడినం. నోట్‌బుక్ తీసి యిర్మీయా అధ్యాయం ఇద్దరం కలిసి చదివినం, అయినా చెట్టు వద్దన్నడు, సరే అన్న. పోయినేడు స్టార్ ఆయనే కట్టిండు, చెట్టు మాత్రం పెట్టలే, అమ్మ కూడా అడగలే. ఈ పని నవంబర్‌లనే చెయ్యండి, క్యారల్స్ తిరుగుడు మొదలైనంక ఎవ్వరికీ వినే ఓపిక ఉండదు.