విదేశంలో ల్యాప్‌టాప్‌కి నెట్ – 3వ పాఠం: కనెక్టెడ్ అంటుంది, పేజీ మాత్రం రాదు

పోయిన పాఠంలో ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్‌కి నెట్ ఇవ్వడం నేర్చుకున్నాం. ఈసారి హోటల్ వైఫై.

పాస్‌వర్డ్ కొట్టగానే కనెక్టెడ్ అని వస్తుంది. ఏ సైటూ తెరుచుకోదు. తెల్లారితే మీటింగ్ ఉన్నవాళ్లకి ఇది ఎంత టెన్షనో నాకు అనుభవమే. ఒక రాత్రి గంటసేపు ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేస్తూనే కూర్చున్నాను. తప్పు ల్యాప్‌టాప్‌ది కాదని తర్వాత తెలిసింది.

ఇలాంటి వైఫైకి ఒక లాగిన్ పేజీ ఉంటుంది. గది నంబరో, ఇంటిపేరో ఇచ్చాకే నెట్ వదులుతుంది. మీరు తెరవబోయే పేజీని మధ్యలో ఆపి, ఆ స్థానంలో తన పేజీ చూపించడం దాని పద్ధతి. ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌తో, అంటే పేజీకి తాళం వేసి పంపే పద్ధతితో నడుస్తున్నాయి. మధ్యలో ఎవరైనా పేజీ మారిస్తే బ్రౌజర్ పట్టేసి హెచ్చరిక చూపిస్తుంది. అందుకే హోటల్ లాగిన్ పేజీ కనిపించదు. ఆ హెచ్చరికను దాటి మాత్రం ముందుకెళ్లకండి.

లాగిన్ పేజీ రావాలంటే తాళం లేని పేజీ, అంటే ఉత్త హెచ్‌టీటీపీ పేజీ ఒకటి అడిగితే సరి. ముందు వీపీఎన్ (మీ నెట్‌ని రహస్య దారిలో పంపే యాప్) ఉంటే ఆపండి. అడ్రస్ బార్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ అని ఇంగ్లీషులో, ఖాళీ లేకుండా కొట్టండి. ముందు హెచ్‌టీటీపీ, కోలన్, రెండు స్లాష్‌లు తప్పనిసరి, 'ఎస్' ఉండకూడదు. ఈ సైటు ఉన్నదే ఈ పనికి. చాలాసార్లు లాగిన్ పేజీ వెంటనే ప్రత్యక్షమవుతుంది.

రాలేదా? డీఎన్ఎస్‌ని (సైటు పేరును నంబరు చిరునామాగా మార్చే సర్వర్) ఎప్పుడైనా 8.8.8.8కో 1.1.1.1కో మార్చుకున్నారేమో చూడండి. కొన్ని హోటళ్ల లాగిన్ పేజీ చిరునామా వాళ్ల సొంత డీఎన్ఎస్‌కే తెలుస్తుంది, కాబట్టి ఆటోమేటిక్‌కి తిప్పండి. అప్పటికీ రాకపోతే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి, డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్న నంబరును బ్రౌజర్‌లో తెరవండి. ఇది అన్నిచోట్లా పనిచేయదు, కానీ రిసెప్షన్‌కి ఫోన్ చేసేముందు ఒకసారి ప్రయత్నించండి.

లాగిన్ అయ్యాక వీపీఎన్ మళ్లీ ఆన్ చేయడం మరవొద్దు. అది పబ్లిక్ వైఫై.

ఇంటిపని: ప్రయాణానికి ముందే ఆ సైటు ఒకసారి తెరిచి బుక్‌మార్క్ చేసుకోండి. మీ వీపీఎన్ ఆపే బటన్ ఎక్కడుందో, డీఎన్ఎస్ సెట్టింగ్ ఎక్కడ మారుతుందో వెతికి పెట్టుకోండి. వచ్చే పాఠంలో, మనకు తెలియకుండా డేటా తినేసే అప్‌డేట్లను ఆపడం.