కొండదారుల కోసం పాత యమహా ఆర్‌ఎక్స్ 100ను ఎలా సిద్ధం చేసుకోవాలి?

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల పాత టూ-స్ట్రోక్ బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే కారణం ముచ్చట ఒక్కటే కాదు. సుమారు నూరు కిలోల బరువుండే ఆర్‌ఎక్స్ 100ను గెడ్డ ఒడ్డున బురదలో దిగబడినా, ఎర్రమట్టి ఎక్కుడులో అడ్డం తిరిగినా ఒక మనిషి వెనుక చక్రం ఎత్తి పక్కకు తిప్పుకోగలడు. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన ఈ బండి ఇంజను 98 సీసీది, శక్తి 11 హార్స్‌పవర్. కొండదారికి అది చాలు. చాలనిదల్లా దాన్ని సిద్ధం చేసే పద్ధతి. మెకానిక్ దగ్గరకు వెళ్లి “పికప్ పెంచండి” అని అడగడం, అతను సైలెన్సర్ లోపలి గొట్టం పీకి, ఫిల్టర్ డబ్బా తీసేసి, పెద్ద కార్బ్యురేటర్ బిగించి పంపడం, ఆ బండి తారురోడ్డు మీద కేకలు పెట్టి మొదటి రాళ్ల ఎక్కుడులోనే ఆగిపోవడం తరచుగా కనిపించే వ్యవహారం. అడవిదారిలో థ్రాటిల్ (యాక్సిలరేటర్) సగం దాటి తెరవవలసిన సందర్భాలు చాలా తక్కువ. అందువల్ల బండిని ఆ మొదటి సగానికే సరిచేయాలి.

 

ఇంకొక మాట. ఇక్కడ కొండదారి అంటున్నది ఊరికీ ఊరికీ, ఊరికీ సంతకూ మధ్య జనం నడిచే బాటలు మాత్రమే. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. గజపతి జిల్లాలోని లఖారి లోయ అభయారణ్యం ఏనుగులు తిరిగే చోటు. అక్కడికి టూ-స్ట్రోక్ మోత తీసుకువెళ్లాలన్న ఆలోచనే వద్దు.

ముందుగా ముగించవలసిన చిన్న పనులు

స్పానర్ల సెట్టు, ప్లగ్ స్పానర్, అంచు అరగని స్క్రూడ్రైవర్, సూదిముక్కు పట్టకారు, గాలి పంపు, రంగు టేపు, ఒక నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది.

ముందు వైపు స్ప్రాకెట్‌లో (చైనును నడిపే పళ్ల చక్రం) ఒక పల్లు తగ్గించండి. పద్నాలుగు పళ్ల చోట పదమూడు పళ్లది వేస్తే అదే ఇంజను వేగానికి బండి సుమారు 7 శాతం నెమ్మదిగా వెళుతుంది, ఫస్ట్ గేరులో క్లచ్ నలగకుండా నడక వేగంతో వెళ్లవచ్చు. వెనుక స్ప్రాకెట్ మార్చి చైను పొడవు పెంచుకోవడం అనవసరమైన ఖర్చు. గుబ్బల టైర్లు వేసుకుని, ముందు 18, వెనుక 22 పీఎస్‌ఐ గాలి ఉంచండి. ట్యూబు టైరులో అంతకన్నా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి చిరుగుతుంది. తారురోడ్డు ఎక్కగానే కంపెనీ చెప్పిన మేరకు గాలి నింపుకోవాలి. క్లచ్ లివరులో రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ, చైనులో కంపెనీ చెప్పినంత వదులు, రెండు బ్రేకులకూ సరిగ్గా ఆనే లైనర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫిల్టర్ డబ్బాను తీయకూడదు. ఈ ప్రాంతపు ఎర్రదుమ్ము చాలా మెత్తనిది. అది లోపలికి వెళితే సిలిండర్ గోడ గీరుకుపోయి బోరింగ్ ఖర్చు మీద పడుతుంది. ఫిల్టర్ స్పాంజిని సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, పిండి, తిరిగి పెట్టండి.

సైలెన్సర్ లోపలి గొట్టాన్ని కూడా ముట్టుకోవద్దు. టూ-స్ట్రోక్ ఇంజనులో పొగతోపాటు బయటకు జారిపోయే తాజా పెట్రోలు-గాలి మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెట్టేది సైలెన్సర్‌లో వెనక్కి మళ్లే ఒత్తిడి అలే. ఆ గొట్టం పీకేస్తే శబ్దం పెరుగుతుంది, కింది వేగాల్లో లాగుడు తగ్గుతుంది. కొందరు పికప్ కోసం ఇంజనుతోపాటు తిరిగే బరువైన చక్రాన్ని, అంటే మాగ్నెట్ రోటరును, లేతులో పెట్టి బరువు తగ్గిస్తారు. పందెపు రోడ్డుకు దానివల్ల లాభం ఉంటే ఉండవచ్చు గాని, రాళ్ల మధ్య నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంజను ఆగిపోకుండా తిప్పుతూ ఉండేది ఆ బరువే.

కార్బ్యురేటర్: తొందరపడితే పిస్టన్ పోయే చోటు

ఇక్కడికి వచ్చాక తొందర పనికిరాదు. ఈ బండిలో ఉండేది మికుని వీఎం 20 రకం కార్బ్యురేటర్. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించేది ఇదే; ఇందులో పెట్రోలు దూరే సన్నని రంధ్రమున్న ముక్కను జెట్ అంటారు. ఒక్కొక్క భాగం థ్రాటిల్‌లో ఒక్కొక్క మేర పనిచేస్తుంది. మూసి ఉన్న దగ్గర నుంచి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ. అక్కడి నుంచి పావు వరకు, థ్రాటిల్ తిప్పితే పైకి లేచే స్లైడ్ అడుగున ఉండే కోత. పావు నుంచి ముప్పావు వరకు ఆ స్లైడ్‌కు వేలాడే సూది, అంటే నీడిల్. ఆపైన మెయిన్ జెట్. వీటి హద్దులు ఒకదానిలోకి ఒకటి కొంత చొచ్చుకుని ఉంటాయి. కొండదారిలో పనంతా మొదటి మూడింటిదే అయినా, బండి సరిగ్గా లాగడం లేదనగానే మెకానిక్ చెయ్యి మెయిన్ జెట్ మీదకే వెళుతుంది. పావు థ్రాటిల్‌లో ఉన్న రోగానికి మెయిన్ జెట్ మార్చితే రోగం ఉన్నచోటే ఉంటుంది, కొత్తది ఇంకొకటి తోడవుతుంది.

జెట్లు ముట్టుకోకముందే, ఇంజను ఎక్కడా దొంగగాలి పీల్చడం లేదని తేల్చుకోవాలి. కార్బ్యురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్యనున్న రబ్బరులో పగుళ్లు, రీడ్ వాల్వ్ గాస్కెట్, క్రాంక్ ఆయిల్ సీళ్లు వరుసగా చూడండి. థ్రాటిల్ మూశాక కూడా ఇంజను వేగం వెంటనే దిగక కాసేపు పైనే నిలబడితే గాలి చొరబడుతున్నదని అనుమానించాలి. మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి లోపలికి వస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి వచ్చి తెల్లపొగ చిమ్ముతుంది, గేరు ఆయిల్ మట్టం తగ్గిపోతుంది. ముప్పై ఏళ్లు దాటిన బండికి సీళ్లు మార్చకుండా జెట్టింగ్ (జెట్లు సరిచేసే పని) మొదలుపెట్టడం వృథా ప్రయాస, ఎందుకంటే ఈ రోజు కుదిరిన లెక్క వచ్చే వారం సీలు మరికొంత చిరిగేసరికి తప్పుతుంది.

జెట్లను పిన్నీసుతో గాని రాగితీగతో గాని పొడవకండి. జెట్టు రంధ్రం వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కది. ఒకసారి గీరుకుంటే దాని మీది అంకెకు అర్థం ఉండదు. పెట్రోలులో నానబెట్టి, పంపుతో గాలి కొట్టడమే సరైన శుభ్రత. పాత బండ్లలో నీడిల్, అది దిగే నీడిల్ జెట్ అరిగి ఉంటాయి. నీడిల్ పైకీ కిందికీ ఆడుతూ జెట్టు రంధ్రాన్ని కోలగా అరగదీస్తుంది కనుక, పావు నుంచి సగం థ్రాటిల్ మధ్య పెట్రోలు ఎక్కువై బండి తడబడుతుంది. నీడిల్‌ను పట్టి ఉంచే క్లిప్ గాడి ఎంత మార్చినా ఇది పోదు. రెండూ జతగా కొత్తవి వేయాలి.

ఇప్పుడు సరిచేసే క్రమం. మొదట మెయిన్ జెట్‌ను కంపెనీ అంకె దగ్గర గాని, ఒక మెట్టు పెద్దదిగా గాని ఉంచండి, చిన్నదిగా మాత్రం వద్దు. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉండటం వల్ల పాత జెట్టుతో మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు. పలచని మిశ్రమం ఇంజనుకు వేడి, ఆ వేడి పిస్టన్‌కు గండం. ‘కంపెనీ జెట్టే దేవుడు’ అనేవారు ఆ జెట్టు ఏ పెట్రోలు కోసం నిర్ణయించినదో మరచిపోతున్నారు.

తర్వాత హ్యాండిల్ గ్రిప్ మీదా, దాని పక్కనున్న థ్రాటిల్ డబ్బా మీదా రంగు టేపుతో పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టండి. ఈ గుర్తులు లేకుండా ట్యూనింగ్ చేసేవారి మాట నమ్మవలసిన పని లేదు, ఎందుకంటే చేతికి సగం అనిపించేది చాలాసార్లు పావే ఉంటుంది.

ఇంజను బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూను మెల్లగా చివరికంటా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తెరవండి. బిగించి మూస్తే దాని సన్నని మొన విరిగి లోపలే ఇరుక్కుపోతుంది. ఇది ఫిల్టర్ వైపున ఉండే గాలి స్క్రూ; లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కనవుతుంది, బయటికి తిప్పితే పలచనవుతుంది. పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజను వేగం ఎక్కడ ఎక్కువగా ఉంటుందో అక్కడ నిలిపి, ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించుకోండి. ఆ మంచి చోటు ఒక చుట్టు లోపే దొరికితే పైలట్ జెట్ చిన్నదని, రెండున్నర చుట్లు దాటాక దొరికితే పెద్దదని అర్థం. జెట్టు మార్చి మళ్లీ మొదటినుంచి చేయాలి.

నీడిల్ పని ఎక్కుడు మీదే తేలుతుంది. తారు ఎక్కుడులో థర్డ్ గేరులో, పావు గుర్తు దగ్గర నిలకడగా వెళుతూ, చోక్ లివరును ఒక్క క్షణం ఎత్తి దించండి. ఇంజను చురుకైతే అక్కడ మిశ్రమం పలచగా ఉన్నట్టు. తడబడితే చిక్కగానో సరిగ్గానో ఉన్నట్టు. పలచనైతే నీడిల్ క్లిప్‌ను ఒక గాడి కిందికి దించాలి. క్లిప్ దిగితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా గుర్తుంచుకుని క్లిప్ పైకి జరుపుతారు; ఆ తర్వాత బండి తారు మీద కాసేపు హుషారుగా కనిపిస్తుంది, పొడవైన ఎక్కుడులో పిస్టన్ జామ్ అవుతుంది. చిక్కనైతే బండి గొంతు బొంగురుపోయి, ఒక చుట్టు విడిచి ఒక చుట్టు మండుతున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు క్లిప్ ఒక గాడి పైకి. ఒకసారి ఒక్కటే మార్చి, మార్చిన ప్రతిదీ పుస్తకంలో రాసుకోండి. రెండు మార్పులు కలిపి చేసినవాడికి ఏది మేలు చేసిందో ఎప్పటికీ తెలియదు.

చివరగా మెయిన్ జెట్‌కు ప్లగ్ పరీక్ష. కొత్త ప్లగ్ పెట్టి, ఎదురుగా ఎవరూ రాని ఎక్కుడులో, చట్టం అనుమతించే వేగంలోనే, గేరు తగ్గించి పూర్తి థ్రాటిల్‌తో కొంత దూరం వెళ్లి, క్లచ్ పట్టి, తాళం ఆఫ్ చేసి ఆపండి. ప్లగ్ విప్పి తెల్ల పింగాణీ అడుగున, లోతుగా చూడండి. అక్కడ లేత గోధుమరంగు వలయం కనిపించాలి. సున్నంలా తెల్లగా ఉంటే మరుక్షణం పెద్ద జెట్టు వేయాలి. ప్లగ్ నల్లబడుతోందని వేడి ప్లగ్ (వేడిని నెమ్మదిగా వదిలే రకం) వేయడం రోగాన్ని దాచడమే. పైగా ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గులో అంకె పెరిగితే చల్లటి ప్లగ్, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్. ఈ తేడా తెలియక దుకాణంలో ఇచ్చిందే బిగించుకునేవారు ఎక్కువ.

ఎత్తు సంగతి

రాయగడ సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంటే, కోరాపుట్ 870 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. దేవమాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సాంద్రత దాదాపు పదో వంతు తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. కోరాపుట్‌లో బండి బరువుగా ఉందని అక్కడే చిన్న జెట్టు వేయించుకుని, అదే జెట్టుతో సుంకి ఘాటు దిగి సాలూరు మీదుగా మైదానంలో పూర్తి థ్రాటిల్‌తో పోయేవారు పిస్టన్‌ను చేతులారా పోగొట్టుకుంటున్నారు. జెట్టును ఎప్పుడూ మీరు తిరిగే అతి పల్లపు చోటుకు, అతి చల్లని ఉదయానికి సరిపడేలా నిర్ణయించాలి. పైకి వెళ్లాక కాస్త చిక్కబడితే ఎయిర్ స్క్రూ పావు చుట్టు తెరిస్తే చాలు. కొంత పొగ వచ్చినా ఇంజనుకు ప్రాణభయం లేదు.

ఆయిల్ పంపును తీసేసి పెట్రోలులోనే ఆయిల్ కలిపే ఫ్యాషన్ ఒకటుంది. ట్యాంకులో ఆయిల్ పెంచితే జెట్టు గుండా వెళ్లే పెట్రోలు ఆ మేరకు తగ్గి మిశ్రమం పలచబడుతుందని, అంటే జెట్టింగ్ అంతా మళ్లీ చేయాలని వారికి ఎవరూ చెప్పరు. పంపు ఉంచండి, కేబుల్ గుర్తులు కలిపి బిగించండి, గొట్టం ఊడదీసినప్పుడల్లా గాలి బుడగ పోయేదాకా ఆయిల్ వదలండి.

పంపు ఉన్నా లేకున్నా పొడవైన దిగుడులో ఒక జాగ్రత్త తప్పదు. గేరులో ఉంచి థ్రాటిల్ పూర్తిగా మూసి దిగుతుంటే ఇంజను వేగంగా తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం చుక్కలే అందుతుంది. కొద్ది క్షణాలకొకసారి క్లచ్ పట్టి, థ్రాటిల్‌ను ఒకసారి తెరిచి మూయండి. న్యూట్రల్‌లో దిగడం దీనికి విరుగుడు కాదు. డ్రమ్ బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి.

ఇంటికి చేరాక పెట్రోలు కుళాయి మూసి, కార్బ్యురేటర్‌లో మిగిలినది అయిపోయి ఇంజను దానంతటదే ఆగేవరకు ఉంచండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానకాలంలో వారాల తరబడి కార్బ్యురేటర్ తొట్టెలో నిలవ ఉంటే అడుగున నీరు చేరి, మీరు అంత శ్రమపడి సరిచేసిన పైలట్ జెట్ మొదట మూసుకుపోతుంది.