ముసలి పిల్లి లిట్టర్ బాక్సు మానేస్తే

ఇన్నేళ్లూ బుద్ధిగా లిట్టర్ బాక్సుకే (మలమూత్రాల కోసం ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే డబ్బాకే) వెళ్లిన పిల్లి, పదేళ్లు దాటాక ఉన్నట్టుండి పరుపుమీదో గుమ్మం దగ్గరి పట్టామీదో మూత్రం పోస్తే, ఇంట్లోవాళ్లు దానికి పొగరెక్కిందంటారు. మా ఇంట్లోనూ మొదట ఆ మాటే అనుకున్నాం. కానీ ఈ వయసులో చాలాసార్లు కారణం దాని ఒంట్లోనో, మనం పెట్టిన డబ్బాలోనో ఉంటుంది.

కాబట్టి ముందు పశువైద్యుడికి చూపించాలి. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, ఈ మూడింటిలో ఏదున్నా పిల్లి నీళ్లు ఎక్కువగా తాగి ఎక్కువగా పోస్తుంది. రక్తం, మూత్రం పరీక్షిస్తే చాలావరకు తేలుతుంది. పట్టామీద పోస్తోందని నీళ్లు తగ్గించడం మాత్రం ప్రమాదం. హైదరాబాద్‌లో ప్రైవేటు క్లినిక్కులు కాక నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నాయి. వెళ్లే ముందు రెండు మూడు రోజులు లిట్టర్‌లో మూత్రం తడికి రోజుకెన్ని గడ్డలు కడుతున్నాయో, అవి పెద్దవవుతున్నాయో చిన్నవవుతున్నాయో రాసిపెట్టుకుంటే వైద్యుడికి ఎంతో ఉపయోగం. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే తెల్లవారేదాకా ఆగకూడదు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇక డబ్బా సంగతి. పద్నాలుగేళ్ల మా పిల్లి ముందుకాలు అంచుమీద పెట్టి, వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టి, చివరికి పక్కనున్న పట్టామీదకు నడిచిపోవడం ఒక రాత్రి చూశాకగాని కీళ్లనొప్పి సంగతి నాకు తట్టలేదు. జానెడు ఎత్తున్న ఆ అంచును ఒకవైపు మాత్రం, కాల్చిన చాకుతో నాలుగు వేళ్ల ఎత్తుకు కోసి, కోసినచోట గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. మిగతా మూడు వైపులు ఎత్తుగానే ఉంచాలి; లేకపోతే సరిగా కూర్చోలేని పిల్లి మూత్రం బయటికి చిమ్ముతుంది. బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బు ఇందుకు బాగా పనికొస్తుంది. లిట్టర్ వాసన లేనిది, మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల మందం చాలు. మరీ లోతుగా పోస్తే కాళ్లకింద జారిపోతుంది.

మన ఫ్లాట్లలో డబ్బా ఎక్కువగా వాష్ ఏరియాలోనే ఉంటుంది. అక్కడ గాలికి తలుపు పడిపోతుంది, వాషింగ్ మెషిన్ మోతకు పిల్లి బెదురుతుంది, మే నెలలో నేల కాలుతుంది. అందుకని పిల్లి పడుకునే గదికి దగ్గరలో రెండోది పెట్టి, రాత్రి చిన్న బల్బు వెలిగించి ఉంచాలి. డూప్లెక్స్ ఇల్లయితే అంతస్తుకొకటి తప్పదు. రోజుకు రెండుసార్లు గడ్డలు తీయాలి.

పోసినచోట ఫినాయిల్ వాడవద్దు. ఫినాల్ ఉన్నవి పిల్లులకు విషం, పైగా వాసన పూర్తిగా పోదు. పాతగుడ్డతో తడి అద్ది, పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసామీద చెప్పినంతసేపు నాననివ్వాలి. నొప్పికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ అర ముక్క కూడా వేయకూడదు; అది పిల్లిని చంపేస్తుంది. కొత్త డబ్బా పెట్టాక కూడా, పిల్లి దానికి అలవాటు పడేదాకా, పాతదాన్ని ఉన్నచోటే ఉండనివ్వాలి.