విని మాట్లాడే ఇంగ్లిష్ – 3వ పాఠం: నలిగిపోయే మాటలు, అతుక్కుపోయే మాటలు

గత పాఠంలో ఇచ్చిన పని చేసినవాళ్ల దగ్గర ఇప్పుడు ఒక ఆడియో ముక్క, దాన్ని విని చేత్తో రాసుకున్న కాగితం, ఆ కాగితంలో అక్కడక్కడా ఖాళీలు ఉంటాయి. ఈ పాఠం ఆ ఖాళీల గురించే. చెయ్యనివాళ్లు ముందు ఆ పని పూర్తి చేసి రండి. 2 నిమిషాలు మించని ఇంగ్లిష్ ప్రసంగం ఒకటి, స్క్రిప్టు కూడా దొరికేది తీసుకోవాలి. స్క్రిప్టు చూడకుండా విని, వినబడింది వినబడినట్టు రాయాలి.

ఇప్పుడు స్క్రిప్టు తెరిచి ఖాళీలు నింపండి. మీరు వదిలేసిన మాటలేవో ఒకసారి చూడండి. ‘ఎన్విరాన్‌మెంట్’, ‘రెస్పాన్సిబిలిటీ’ లాంటి పొడుగు మాటలు చాలావరకు దొరికే ఉంటాయి. దొరకనివి ‘ఆఫ్’, ‘టు’, ‘హావ్’, ‘దెమ్’, ‘కెన్’. ఇవి చిన్న క్లాసుల్లోనే అందరికీ వచ్చిన మాటలు. వొకాబులరీ తక్కువ కాబట్టే అర్థం కావడం లేదనుకుని మాటల పట్టికలు బట్టీ పట్టే విద్యార్థులను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అంత కష్టపడుతున్నారు, కానీ ఆ కష్టం అవసరమైన చోట పడటం లేదు.

తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు కాలం దానికి దక్కుతుంది. మన ఛందస్సులో లఘువు, గురువు లెక్కలన్నీ దాని మీదే నిలబడ్డాయి. ఇంగ్లిష్ నడక వేరు. వాక్యంలో అసలు విషయం చెప్పే నామవాచకాలు, క్రియలు, విశేషణాల మీద బరువు పడుతుంది. వాటి మధ్య ఉన్న చిన్న మాటలు నలిగిపోతాయి. అలా నలిగినప్పుడు వాటిలోని అచ్చు చాలాసార్లు తన రూపం పోగొట్టుకుని, పొట్టిగా, మసకగా వినిపించే ‘అ’లా మారుతుంది. దీన్ని ష్వా అంటారు. ‘అబౌట్’లో మొదటి అచ్చు అదే, ‘టీచర్’లో చివరి అచ్చూ అదే. ఇంగ్లిష్ మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడే అచ్చు ఇది. అయినా 26 అక్షరాల్లో దీనికంటూ ఒక అక్షరం లేదు. పుస్తకాల నుంచే ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లకు ఇది ఎప్పుడూ ఎదురుపడకపోవడంలో వింత లేదు.

కొన్ని ఉదాహరణలు పైకి అని చూడండి. ‘ఎ కప్ ఆఫ్ టీ’ అన్నది ‘అకపవ్ టీ’ అవుతుంది. ‘షుడ్ హావ్ గాన్’ అన్నది ‘షుడవ్ గాన్’. ‘బ్రెడ్ అండ్ బటర్’లో ‘అండ్’ దాదాపు ఒక్క ‘న్’గా మిగులుతుంది.

‘కెన్’, ‘కాంట్’ల దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ పొరబడితే అర్థమే తిరగబడుతుంది. ‘ఐ కెన్ కమ్’ అనేటప్పుడు బరువంతా ‘కమ్’ మీద ఉంటుంది, ‘కెన్’ ‘కన్’గా కుంచించుకుపోతుంది. ‘ఐ కాంట్ కమ్’ అన్నప్పుడు ‘కాంట్’ కూడా నిండుగా పలుకుతుంది. చివర ఉన్న ‘ట్’ చాలాసార్లు వినబడదు, అమెరికన్ల మాటలో మరీను. కాబట్టి ‘ట్’ కోసం వెతకకండి, ఆ మాట మీద బరువు ఉందో లేదో వినండి. ఇదే మీరు మాట్లాడేటప్పుడూ పనికొస్తుంది. ఇంటర్వ్యూలో ధీమాగా కనబడాలని ‘ఐ కెన్ డూ ఇట్’లో ‘కెన్’ను ఒత్తి పలికితే, అవతలివాళ్లకు ‘చెయ్యలేను’ అన్నట్టు వినబడే ప్రమాదం ఉంది. ‘యెస్, ఐ కెన్’ అని వాక్యం ఆ మాటతోనే ముగిసినప్పుడు మాత్రం నిండుగానే పలకాలి.

ఇక అతుక్కుపోయే మాటల సంగతి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. బయటి నుంచి వచ్చినవాటికీ ఒక అచ్చు తగిలించి బస్సు, కారు, రోడ్డు అంటాం. ఇంగ్లిష్ మాటలు చాలా వరకు హల్లుతో ఆగుతాయి. వెనక అచ్చుతో మొదలయ్యే మాట వస్తే ఆ హల్లు వెళ్లి దానికి అంటుకుంటుంది. ‘పిక్ ఇట్ అప్’ ‘పికిటప్’ అవుతుంది, ‘నాట్ ఎట్ ఆల్’ ‘నాటటాల్’ అవుతుంది. ‘డిడ్ యు’ ‘డిజు’లా వినబడుతుంది. మాటలు కలిసిపోవడం మనకు కొత్తేమీ కాదు. ‘ఏమి అయింది’ని ‘ఏమయింది’ అనేస్తాం, సంధి అని బళ్లో చదువుకున్నాం కూడా. అయితే మనం కలిపి పలికినదాన్ని కలిపే రాస్తాం. ఇంగ్లిష్‌లో పలకడం కలిపి, రాయడం విడివిడిగా. అందుకే కళ్లతో నేర్చుకున్న మాటను చెవి గుర్తుపట్టలేకపోతోంది.

‘గోయింగ్ టు’ను ‘గనా’ అనడం, ‘వాంట్ టు’ను ‘వానా’ అనడం వింటే గుర్తుపట్టండి, చాలు. సెమినార్‌లోనో వైవాలోనో మీరు అలా అనాల్సిన పని లేదు.

సాధనకు ఏ ఆడియో తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. నేర్చుకునేవాళ్ల కోసం నిదానంగా చదివిన రికార్డింగులు ఈ పాఠానికి పనికిరావు. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లో మొదలుపెట్టిన స్పెషల్ ఇంగ్లిష్ అలాంటిదే. సుమారు 1,500 మాటలతో, తగ్గించిన వేగంతో వార్తలు చదివేవారు. తొలి మెట్టులో అది ఎంతో మేలు చేస్తుంది. కానీ అంత నిదానంగా చదివితే చిన్న మాటలు అంతగా నలగవు, మనం వినాల్సింది వాటినే. మామూలు వేగంతో మాట్లాడిన ఇంటర్వ్యూ గానీ లెక్చర్ గానీ తీసుకుని, అవసరమైన చోట ప్లేయర్‌లో వేగాన్ని 0.75కు తగ్గించుకోండి. అలా చేస్తే అతుకులు అతుకులుగానే ఉంటాయి, వినడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

అందులోంచి పది సెకన్ల ముక్క ఒకటి చాలు. స్క్రిప్టులో బరువు పడ్డ మాటల కింద గీత గీయండి, అతుక్కున్న చోట్ల చిన్న వంపు గీత పెట్టండి. తర్వాత ఆడియో నడుస్తుండగానే, అర సెకను వెనకగా, మీరూ దానితోపాటు అంటూ వెళ్లండి. దీన్నే షాడోయింగ్ అంటారు. మొదట గొణిగినా ఫర్వాలేదు. ఒక మాట జారితే టెన్షన్ పడి వెనక్కి వెళ్లకండి, తర్వాతి బరువు మాట దగ్గర మళ్లీ అందుకోండి. లెక్చర్ హాల్లోనూ జరిగేది ఇదే. తప్పిపోయిన ఒక్క మాట కోసం ఆగినవాళ్లు ఆ తర్వాతి రెండు వాక్యాలనూ పోగొట్టుకుంటారు.

అలవాటయ్యాక ఆడియో ఆపి, ఆ ముక్కను మీ గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. యాసను పోల్చకండి. తెలుగువాళ్ల గొంతు తెలుగువాళ్ల గొంతులాగే ఉండొచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. బరువు అవే మాటల మీద పడిందా, చిన్న మాటలు నలిగాయా అన్నంత వరకే చూడండి. ప్రతి మాటనూ విడగొట్టి పలికితేనే స్పష్టత అని కొందరు నేర్పుతారు. నేను ఒప్పుకోను. అన్నిటి మీదా బరువు పడితే అసలు విషయం ఏ మాటలో ఉందో వినేవాళ్లకు తెలియదు.

వచ్చే పాఠంలో సొంతంగా మాట్లాడటం మొదలుపెడదాం. ఒకే విషయాన్ని ముందు 4 నిమిషాలు, తర్వాత 3, ఆ తర్వాత 2 నిమిషాల్లో చెప్పే సాధన అది. ఈలోగా మీ సబ్జెక్టులోంచి మీకు బాగా వచ్చిన అంశం ఒకటి ఎంచుకుని ఉంచండి. దాని గురించి వాక్యాలు మాత్రం రాసి పెట్టుకోవద్దు.