రిటైరయ్యే ఏడాది పన్ను దగ్గర జరిగే పొరపాట్లు

సన్మానంలో కప్పిన శాలువా మడత పెట్టకముందే పాలసీ ఏజెంటు గుమ్మంలో ఉంటాడు. వెనకాలే రేణిగుంట రోడ్డులో మంచి ప్లాటుందని బ్రోకరు ఫోను. ఇద్దరి నోటా ఒకటే మాట: ‘పన్ను తగ్గుతుంది సార్’. నిజానికి ఏదో పథకంలో చేరడం వల్ల రిటైరైనవాళ్ల పన్ను తగ్గేది కొంచెమే. ఏ ఆదాయం ఎవరి పేర వస్తోంది, ఏ ఏడాది లెక్కలో పడుతోంది అన్నది ముఖ్యం. డబ్బు ఖాతాలో పడ్డాక ఈ రెండూ మార్చడం కష్టం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగికి ఇప్పుడు రిటైర్మెంట్ వయసు 62. కాబట్టి 61 నిండగానే లెక్క వేయడం మొదలుపెట్టాలి.

ఇక్కడి అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. అందుకని నంబర్ల జోలికి పోకుండా సంగతే చెబుతున్నాం.

12 లక్షల గీత

పన్ను లెక్కకు పాతది, కొత్తది అని రెండు విధానాలున్నాయి. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకు వరసగా 5, 10, 15, 20, 25 శాతం. 24 లక్షలు దాటితే 30. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే 60,000 దాకా రిబేటు వస్తుంది, అంటే కట్టేది సున్నా. జీతానికిలాగే పింఛనుకూ 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది.

నెలకు 55,000 పింఛను అనుకుందాం. ఏడాదికి 6,60,000. డిడక్షన్ తీసేస్తే 5,85,000. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో గరిష్ఠంగా 30 లక్షలు వేస్తే 8.2 శాతం చొప్పున 2,46,000 వడ్డీ. ఇంకో 20 లక్షలు 7 శాతానికి బ్యాంకులో వేస్తే 1,40,000. అంతా కలిపి 9,71,000. పన్ను రూపాయి లేదు. ఇలాంటి ఇంట్లో మార్చి నెలలో ‘లక్షన్నర సేవింగ్ చూపించాలి’ అని పాలసీ కట్టడం దండగ. కొత్త విధానంలో ఆ మినహాయింపే లేదు. పాత విధానం ఎంచుకుంటే ఉంటుంది కానీ, అక్కడ అరవై దాటినవారికి పన్ను లేని పరిమితి 3 లక్షలు, రిబేటు 5 లక్షల దగ్గరే ఆగిపోతుంది.

చిక్కంతా గీత దాటినప్పుడే. ఆదాయం 12,40,000 అయిందనుకోండి. మామూలు లెక్కలో పన్ను 66,000. మార్జినల్ రిలీఫ్ వల్ల, గీత మీద ఎంత దాటిందో అంతకే, అంటే 40,000కే పరిమితం చేస్తారు. దానిమీద 4 శాతం సెస్ 1,600. పైగా వచ్చింది 40,000, కట్టింది 41,600! ఆదాయం 12,70,588 దాటేదాకా ఇదే కథ: దాటిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. ఈ మధ్యలో చిక్కుకుంటే కొత్త ఎఫ్‌డీ ఈ మార్చిలోపు వేయాలా, ఏప్రిల్లో వేయాలా అన్న చిన్న నిర్ణయం కూడా లెక్కకు వస్తుంది. క్యుములేటివ్ ఎఫ్‌డీ అయితే వడ్డీ చేతికి రాదు కదా అనుకోవద్దు. బ్యాంకు ఏటా వడ్డీ లెక్కగట్టి పన్ను శాఖకు చూపిస్తుంది, టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కూడా ఏటా కోస్తుంది. ఐదేళ్లకు మెచ్యూరిటీలో ఒక్కసారే చూపిస్తే కోసిన టీడీఎస్‌కూ చూపిన ఆదాయానికీ పొంతన కుదరదు.

రిటైరైన ఏడాదే గీత దాటడం ఎక్కువ, కారణాలు కూడా తెలిసినవే. సరెండర్ లీవు ఒకటి. రిటైర్మెంట్ రోజున వచ్చే ఎర్న్‌డ్ లీవు డబ్బుకు ప్రభుత్వ ఉద్యోగికి పన్ను లేదు. అదే లీవు సర్వీసులో ఉండగా సరెండర్ చేసి తీసుకుంటే పూర్తిగా జీతమే. నిల్వ 300 రోజుల లోపుంటే ఆఖరి ఏడాది సరెండర్ జోలికి పోవద్దు. రెండోది డీఏ, పీఆర్సీ (జీతాల సవరణ) బకాయిలు. పాత ఏళ్లవి ఒక్కసారిగా పడితే ఏ ఏడాదివి ఆ ఏడాదికి పంచి లెక్కవేసే ఊరట ఉంది. దానికి 10ఈ ఫారం ఆన్‌లైన్లో నింపాలి, అదీ రిటర్న్ వేయకముందే. రిటర్న్ వేసి తర్వాత 10ఈ పెడితే ఊరట ఇవ్వకుండా నోటీసు వస్తుంది.

ఇంకో కారణం ఎవరూ చెప్పరు. ఆ ఏడాది మీకు రెండు ఫారం 16లు (ఆదాయం, కోసిన పన్ను చూపే పత్రాలు) వస్తాయి, ఒకటి పనిచేసిన ఆఫీసు నుంచి, ఒకటి ట్రెజరీ నుంచి. ఇద్దరూ విడివిడిగా 75,000 తీసేస్తారు, ఇద్దరూ 4 లక్షల దాకా సున్నా అంటారు, ఇద్దరూ రిబేటు ఇస్తారు. రెండూ కలిపితే పన్ను పడుతుంది. నవంబర్లో రిటైరైతే డిసెంబరులోనే కలిపి లెక్క వేసుకోండి. వ్యాపార ఆదాయం లేని 60 దాటినవారు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. తక్కువపడ్డ పన్ను రిటర్న్ గడువులోపు కట్టేస్తే చాలు.

‘గవర్నమెంటు ఉద్యోగమే’ అనుకునేవారికి

తిరుపతిలో అలా చెప్పుకునే చాలామందికి జీతమిచ్చేది ఖజానా కాదు. యూనివర్సిటీ, దేవస్థానం, ఇక్కడే హెడ్డాఫీసున్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, బ్యాంకులు, ఎల్‌ఐసీ. లీవు డబ్బుకు పూర్తి మినహాయింపు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకే. కంపెనీలు, బ్యాంకుల ఉద్యోగులకు జీవితకాలం మొత్తమ్మీద 25 లక్షలు. అదీ నేరుగా 25 లక్షలు కాదు. చివరి పది నెలల సగటు జీతానికి పది రెట్లు, సర్వీసులో ఏడాదికి 30 రోజుల చొప్పున మిగిలిన లీవు విలువ, చేతికొచ్చిన మొత్తం, ఈ 25 లక్షలు, నాలుగింటిలో ఏది తక్కువైతే అది. మీ సంస్థను ఏ వర్గంలో చూస్తున్నారో అకౌంట్స్ సెక్షన్లో ఆరు నెలల ముందే కాగితం మీద అడగండి. పోయినేడు రిటైరైనవారి ఫారం 16 ఒకటి చూస్తే ఇంకా మంచిది.

కమ్యూటేషన్‌కూ దాదాపు ఇదే తేడా, కానీ గీత కొంచెం వేరు. ప్రభుత్వ ఉద్యోగికీ, స్థానిక సంస్థలు, ఎల్ఐసీ లాంటి చట్టం ద్వారా ఏర్పడిన కార్పొరేషన్ల ఉద్యోగులకూ కమ్యూటేషన్ సొమ్ము (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి తీసుకునేది) పూర్తిగా పన్ను లేనిది. ఇతరులకు గ్రాట్యుటీ కూడా వస్తే పింఛను మొత్తం విలువలో మూడోవంతుకే మినహాయింపు, గ్రాట్యుటీ లేకపోతే సగానికి.

2004 సెప్టెంబరు 1 నుంచి చేరి, జీతంలోంచి కొంత కోసి కూడబెట్టే పింఛను పథకం సీపీఎస్‌లో ఉన్నవారికి వేరే లెక్క. నిల్వలో 60 శాతం దాకా ఒకేసారి తీసుకుంటే పన్ను లేదు. మిగతా 40 శాతంతో కొన్న యాన్యుటీ (బీమా కంపెనీ ఇచ్చే పింఛను) నుంచి నెలనెలా వచ్చేది మాత్రం పూర్తిగా ఆదాయమే.

భార్య పేర వేస్తే పన్ను తగ్గదు

ఈ పొరపాటు దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. గ్రాట్యుటీ వచ్చాక 30 లక్షలు తన పేర, 30 లక్షలు ఇల్లాలి పేర సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తారు. ఆమెకు 60 నిండితే ఖాతా తెరవడానికి అడ్డేమీ లేదు. కానీ ఆ డబ్బు మీది. మీరిచ్చిన డబ్బు మీద ఆమెకొచ్చే 2,46,000 వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుంది. ఆమె పాన్ మీద టీడీఎస్ పడిందనో, ఆమె పేర రిటర్న్ వేశామనో ఈ లెక్క మారదు. కోడలి పేర వేసినా ఇంతే. ఆ వడ్డీని ఆమె మళ్లీ డిపాజిట్ చేస్తే దానిమీద వచ్చే వడ్డీ మాత్రం ఆమెదే.

దీనికి విరుగుడు రిటైర్మెంట్ రోజున దొరకదు, పదేళ్ల ముందు దొరుకుతుంది. ఆమె పేర పీపీఎఫ్ ఖాతా తెరిచి ఏటా 1,50,000 దాకా వేయండి. మీ డబ్బే అయినా దానిమీద వడ్డీకి పన్ను లేదు కనుక కలిపినా ఒరిగేదేమీ లేదు. 15 ఏళ్లు నిండాక ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. డబ్బు వేస్తూ పొడిగించాలంటే ఏడాదిలోపు ఫారం ఇవ్వాలి. అది మర్చిపోయి డబ్బు వేస్తూ పోతే ఆ వేసినదానికి వడ్డీ రాదు.

మేజరైన పిల్లలకు, తల్లిదండ్రులకు ఇచ్చిన డబ్బు మీద ఆదాయం మీ లెక్కలో కలవదు. కానీ ఇచ్చాక అది వాళ్లదే. ఏడాదికి ఇరవై వేల పన్ను కోసం 30 లక్షలు కొడుకు పేర రాసేవాళ్లున్నారు, మా మాటగా చెబితే అది పన్ను ప్లానింగ్ కాదు.

మామిడితోట ఉంటే

బంగారుపాళ్యం, దామలచెరువు వైపు నాలుగెకరాల తోతాపురి ఉన్న ఉద్యోగులు చాలామందే. పంట ఆదాయానికి పన్ను లేదన్నది నిజమే, తోట గుత్తకిచ్చినా లేదు. కానీ మిగతా ఆదాయానికి ఏ రేటు పడాలో తేల్చేటప్పుడు దాన్ని కలుపుతారు. పింఛను, వడ్డీ కలిపి 11 లక్షలు, తోట మీద 3 లక్షలు అనుకోండి. తోట లేకపోతే పన్ను సున్నా. తోట ఉంటే ముందు 14 లక్షలకు పన్ను కట్టి చూస్తారు: 90,000. తర్వాత తోట ఆదాయానికి 4 లక్షలు కలిపి 7 లక్షలకు: 15,000. తేడా 75,000. అందులో రిబేటు 60,000 పోగా 15,000, సెస్‌తో 15,600. అందుకే పల్ప్ ఫ్యాక్టరీ ఇచ్చిన బిల్లులు, మందులు, కూలీ, దున్నుడు ఖర్చుల చీటీలు దాచండి. కలిపేది అమ్మకం కాదు, ఖర్చులు పోను మిగిలిందే. బ్యాంకులో పెద్ద మొత్తం నగదు జమచేసి ‘మామిడిది’ అంటే నమ్మించాల్సింది మీరే.

స్థలం అమ్మే ముందు

కూతురి పెళ్లికో ఇంటికో రిటైర్మెంట్ ఏడాదే స్థలం అమ్ముతారు. రెండేళ్లకు మించి ఉంచుకున్న స్థలం అమ్మకం లాభం మీద పన్నుకు ఆ 12 లక్షల రిబేటు వర్తించదు.

మొదట తేల్చాల్సింది అది పల్లె వ్యవసాయ భూమి అవునా కాదా అని. అవునంటే అసలు పన్నే లేదు. 2011 లెక్కల ప్రకారం తిరుపతి, చిత్తూరు రెండూ లక్షకు పైబడి పది లక్షలలోపు జనాభా ఉన్న ఊళ్లే. కాబట్టి కార్పొరేషన్ హద్దు నుంచి 6 కిలోమీటర్లలోపు భూమి పట్టణ భూమి కింద లెక్క. లక్షలోపు జనాభా ఉన్న శ్రీకాళహస్తి లాంటి మున్సిపాలిటీకి 2 కిలోమీటర్లు. దూరం బస్సు దారిన కాదు, సరళరేఖలో కొలవాలి. తిరుచానూరు దగ్గర చేనుంది, పాస్‌బుక్కుంది కాబట్టి పన్ను లేదనుకుంటే ఇక్కడే దెబ్బతింటారు. నాలా (సాగు భూమిని వేరే వాడకానికి మార్చే రుసుము) కట్టి లేఅవుట్ వేసిన ప్లాటు ఎంత దూరంలో ఉన్నా వ్యవసాయ భూమి కాదు.

పన్ను పడేదైతే, 2024 జులై 23కి ముందు కొన్న స్థలానికి రెండు లెక్కలూ వేసి తక్కువది కట్టవచ్చు. 2012-13లో 6 లక్షలకు కొన్న ప్లాటు చూడండి. ధరల సూచీ అప్పుడు 200, 2025-26కు 376. కాబట్టి కొన్న ధర 11,28,000 అవుతుంది. 18 లక్షలకు అమ్మితే సూచీతో 20 శాతం లెక్కలో 1,34,400, సూచీ లేకుండా 12.5 శాతం లెక్కలో 1,50,000. 20 లక్షలకు అమ్మితే రెండూ దాదాపు ఒకటే. 30 లక్షలకు అమ్మితే 12.5 శాతమే మేలు: 3,00,000, సూచీతో అయితే 3,74,400. ఎంతకు అమ్మారన్నదాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది, కాబట్టి ఎవరో చెప్పిన ‘పాతదే లాభం’ పట్టుకోవద్దు.

రిజిస్ట్రేషన్ కాగితంలో తక్కువ రాయించుకుంటే లాభం తగ్గుతుందనుకోవద్దు. సబ్ రిజిస్ట్రారు విలువ మీరు రాసిన ధరకంటే పది శాతానికి మించి ఎక్కువుంటే ఆ విలువకే అమ్మినట్టు లెక్క. నగదు 20,000, అంతకుమించి తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పడవచ్చు. పన్ను తప్పించుకోవాలంటే లాభంలో 50 లక్షల దాకా ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థల బాండ్లలో పెట్టవచ్చు, ఐదేళ్లు కదపకూడదు. ఇల్లు కట్టాలనుకుంటే రిటర్న్ గడువులోపు ఖర్చు కాని డబ్బు క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే మినహాయింపు పోతుంది.

ఏప్రిల్ పని, ఒకటి రెండు చిల్లర సంగతులు

60 దాటినవారికి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితే 10 శాతం టీడీఎస్. పోస్టాఫీసులోనూ అంతే. సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షలుంటే 24,600 కోస్తారు. మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అయితే ఏప్రిల్ మొదటి వారంలో ప్రతి బ్యాంకులో, పోస్టాఫీసులో టీడీఎస్ కోయొద్దని కోరే 15హెచ్ ఫారం ఇవ్వాలి. నిరుడు ఇచ్చింది ఈ ఏడాదికి పనికిరాదు. కొత్త చట్టంతో ఫారం నంబరు మారితే కౌంటర్లో ఇచ్చిన కాగితమే నింపండి. 15హెచ్ ఇస్తే రిటర్న్ అక్కర్లేదనేది అపోహ. ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను లేకపోయినా రిటర్న్ వేయాలి.

సింగిల్ ప్రీమియం పాలసీ కొంటుంటే బీమా మొత్తం ప్రీమియానికి పది రెట్లుందా అని ఒక్కటి అడగండి. లేకపోతే మెచ్యూరిటీలో వచ్చే లాభానికి పన్ను ఉంది. ఏజెంటు ‘ట్యాక్స్ ఫ్రీ’ అన్నాడంటే బాండులో ఆ లెక్క చూపించమనండి. పీఎఫ్ డబ్బు రిటైరైనాక తీయకుండా వదిలేస్తే ఆ తర్వాత వచ్చే వడ్డీకి కూడా పన్ను ఉంటుంది.

పింఛనుదారు పోతే ఆ ఏడాదికి రెండు రిటర్నులు: ఆయన బతికున్న రోజుల ఆదాయానికి భార్య వారసురాలిగా వేసేది ఒకటి, తర్వాతి ఆదాయానికి ఆమె సొంత రిటర్న్ ఒకటి. ఫ్యామిలీ పింఛనుకు 75,000 వర్తించదు. మూడోవంతు లేదా 25,000, ఏది తక్కువైతే అంతే తీసేస్తారు. ఆమె పాన్ కార్డులో, ఆధార్‌లో, సర్వీసు రిజిస్టరులో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసి, తేడా ఉంటే రిటైర్మెంట్ కాగితాలు కదలకముందే దిద్దించండి.