గంజి, గ్లూకోజులతో కృత్రిమ పొరను పరీక్షించే విధానం

మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం సరిహద్దుకు అవతలే ఉన్నందువల్ల పర్లాకిమిడి తెలుగు కుటుంబాలకు డయాలిసిస్ అనే మాట కొత్త కాదు. అయితే ఆ యంత్రంలో రక్తాన్ని శుద్ధి చేసేది ఒక పలుచని పొర మాత్రమేనని పిల్లలు కళ్లారా చూడాలన్నది నా కోరిక; అందుకు బడిలోని ప్రయోగశాల చాలు. 1943లో నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ తన కృత్రిమ మూత్రపిండంలో వాడినది సెల్లోఫేన్ గొట్టమే. ఇక్కడ మనకు కావలసిన డయాలిసిస్ గొట్టం కూడా సెల్యులోజు పొరే. కొనేటప్పుడు 12,000 నుంచి 14,000 డాల్టన్ల (అణుభారపు కొలత) హద్దు గల రకాన్ని, అంటే అంతకంటే పెద్ద అణువులను ఆపే రకాన్ని అడగాలి.

పదిహేను సెంటీమీటర్ల ముక్కను పావుగంట నీటిలో నానబెట్టి, వేళ్ల మధ్య మెల్లగా నలిపితే గొట్టం తెరుచుకుంటుంది. ఒక కొసను దారంతో గట్టిగా ముడివేయాలి. ఉప్పు వేయని పలుచని గంజిని చల్లార్చి, గుడ్డలో వడగట్టి, పది మిల్లీలీటర్లకు ఒక గ్రాము చొప్పున గ్లూకోజు కలిపి గొట్టంలో పోయాలి. నీరు లోపలికి చేరి సంచి ఉబ్బుతుంది కాబట్టి పైన కొంత ఖాళీ వదిలి రెండో కొసను కట్టాలి. తరువాత సంచి వెలుపలి భాగాన్ని ధారగా పడే నీటి కింద బాగా కడగాలి. అంటుకున్న గంజి చుక్క ఒక్కటి మిగిలినా ఫలితం తప్పుతుంది, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

సంచిని 200 మిల్లీలీటర్ల నీరున్న బీకరులో అరగంట ఉంచి, ముందుగా ఆ నీటిలో రెండు మిల్లీలీటర్లు తీసి, గ్లూకోజును పట్టిచ్చే బెనెడిక్ట్ ద్రావణం అంతే కలిపి, పరీక్షనాళికను మరిగే నీటిలో ఐదు నిమిషాలు ఉంచాలి. బయటికి వచ్చిన గ్లూకోజు పరిమాణాన్ని బట్టి రంగు ఆకుపచ్చ మొదలుకొని ఇటుక ఎరుపు వరకు మారుతుంది. ఆ తరువాతే బీకరులో నీరు లేత పసుపుకు తిరిగే వరకు టింక్చరు అయొడిన్ చుక్కలు వేయాలి. క్రమంగా అయొడిన్ తగిలి సంచిలోపలి గంజి నీలి నలుపుగా మారుతుంది, వెలుపలి నీరు మాత్రం పసుపుగానే ఉంటుంది. చిన్నవైన గ్లూకోజు, అయొడిన్ పొరను దాటాయి. గంజిలోని పెద్దదైన పిండిపదార్థపు అణువు దాటలేకపోయింది. సుమారు 60 డాల్టన్ల యూరియా అనే వ్యర్థం డయాలిసిస్‌లో బయటికి పోవడానికి, 66,000 డాల్టన్లకు పైబడిన ఆల్బుమిన్ అనే ప్రోటీను రక్తంలోనే నిలవడానికి కారణం ఇదే.

వెలుపలి నీరు కూడా నీలమైతే ముడి వదులుగా ఉందనో, పొర చిరిగిందనో, కడగడం సరిపోలేదనో గ్రహించి కొత్త ముక్కతో మళ్లీ చేయాలి. గ్లూకోజు కలపని గంజితో మరొక సంచిని పక్కనే వేరే బీకరులో ఉంచితే, బయట కనిపించిన చక్కెర గంజిది కాదని నిర్ధారించుకోవచ్చు. తడిపిన గొట్టం ఎండితే పెళుసెక్కి పగులుతుంది, కనుక ఒకసారి వాడిన ముక్కను దాచుకోకపోవడమే మంచిది.